సూరత్ బ్యాంకు నుంచి దేనా బ్యాంకు వరకు: విలీనాలతో పెరిగిన బ్యాంక్ ఆఫ్ బరోడా

సూరత్‌లోని ఆల్థాన్‌లో ఎవరి బీరువాలోనైనా దేనా బ్యాంకు పాస్‌బుక్ ఉంటే అది ఇప్పుడు జ్ఞాపకమే. ఆ బ్యాంకు 2019 ఏప్రిల్ 1న, విజయా బ్యాంకుతో పాటు బ్యాంక్ ఆఫ్ బరోడాలో కలిసిపోయింది. మూడు ప్రభుత్వ బ్యాంకులు ఒకటి కావడం దేశంలో అదే మొదటిసారి.

బరోడా మహారాజు మూడో శాయాజీరావు గైక్వాడ్ 1908 జూలై 20న స్థాపించిన ఈ బ్యాంకుకు విలీనాలు కొత్త కాదు. 1963లో సూరత్ బ్యాంకింగ్ కార్పొరేషన్‌ను, 1964లో ఉంబర్‌గావ్ పీపుల్స్ బ్యాంకును, తమిళనాడు సెంట్రల్ బ్యాంకును కలుపుకొంది.

అప్పట్లోనే ఎందుకిన్ని విలీనాలు?

1960లో కేరళలోని పాలై సెంట్రల్ బ్యాంకు కుప్పకూలింది. దీంతో చట్టాన్ని సవరించారు. బలహీన బ్యాంకుపై మారటోరియం విధించి, మరో బ్యాంకులో కలిపే అధికారం ప్రభుత్వానికి, రిజర్వు బ్యాంకుకు వచ్చింది. చిన్న బ్యాంకుల సంఖ్య వేగంగా తగ్గింది.

1969లో జాతీయం అయ్యాక కూడా బరోడా బ్యాంకు ఇదే దారిలో నడిచింది. 1999లో బరేలీ కార్పొరేషన్ బ్యాంకు, 2002లో బెనారస్ స్టేట్ బ్యాంకు, 2004లో సూరత్ పొరుగునున్న నవసారికి చెందిన సౌత్ గుజరాత్ లోకల్ ఏరియా బ్యాంకు అందులో చేరాయి.

నష్టం ఎవరికి?

మొండి బాకీలతో సతమతమైన దేనా బ్యాంకుపై 2018లోనే రిజర్వు బ్యాంకు కొత్త రుణాలివ్వకుండా ఆంక్షలు పెట్టింది. ఆ తేడా వాటాల మార్పిడిలో కనిపించింది. ప్రతి 1,000 షేర్లకు విజయా వాటాదారులకు 402 బరోడా షేర్లు దక్కితే, దేనా వారికి 110 మాత్రమే వచ్చాయి. డిపాజిటర్ల సొమ్ముకు కోత పడలేదు. ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు, చెక్కుబుక్కులు మారాయి.

తెలుగువారికీ ఇది తెలిసిన కథే. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, 1964లో భారత లక్ష్మీ బ్యాంకును కలుపుకొంది. 2020 ఏప్రిల్ 1న తానే యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.

ఖాతాదారులు గమనించాల్సింది ఒకటుంది. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకుకు, ఒక్కో డిపాజిటరుకు గరిష్ఠంగా 5 లక్షల రూపాయలు. రెండు బ్యాంకుల్లో విడివిడిగా దాచుకున్న సొమ్ముకు వేర్వేరుగా బీమా ఉంటుంది. అవి ఒకటైతే రెండు ఖాతాలకూ కలిపి ఒకటే పరిమితి. పాస్‌బుక్ మీద పేరు మారినప్పుడు ఈ లెక్క కూడా మరోసారి చూసుకోవాలి.