సొమ్ము కంపెనీది... లెక్క కుర్రాడిది!

చదువు పూర్తవుతూనే లక్షల్లో, కొందరికైతే కోట్లలో జీతం. అలాగని అది సాఫ్ట్‌వేర్‌ కంపెనీ కాదు. బ్యాంకూ కాదు. సొంత డబ్బుతో మార్కెట్లో వ్యాపారం చేసే 'ప్రొప్రయిటరీ ట్రేడింగ్‌' సంస్థ. ఆ పేరు చెబితే పిల్లలు ఎగిరి గంతేస్తున్నారు. పెద్దలేమో గుండెలు పట్టుకుంటున్నారు. ఇంతకీ అక్కడ చేసే పనేంటి?

రేపల్లెకు దగ్గర్లోని నగరం మండలంలో ఓ రైతు ఇల్లు అనుకుందాం. అబ్బాయి ఐఐటీలో ఆఖరి ఏడాది. డిసెంబరు 1న ప్రాంగణ నియామకాలు మొదలవగానే ఫోన్‌ చేశాడు. 'నాన్నా, ట్రేడింగ్‌ కంపెనీలో ఉద్యోగం వచ్చింది!' అవతల కాసేపు నిశ్శబ్దం. 'షేర్లంటే పేకాటే కదరా. మన ఇంటావంటా లేదు ఆ పని!'

ఆ తండ్రి భయంలో తప్పులేదు. కానీ ఆయనకు తెలిసిన వ్యాపారంలోనే దీనికి జవాబూ ఉంది.

పసుపు యార్డులో పాఠం

దుగ్గిరాల పసుపు యార్డునే తీసుకోండి. కమీషన్‌ వ్యాపారి రైతు తెచ్చిన సరకు అమ్మిపెట్టి, తన కమీషన్‌ తాను తీసుకుంటాడు. మరో వ్యాపారి సొంత డబ్బుతో సరకు కొని, కోల్డ్‌ స్టోరేజీలో పెట్టి, ధర వచ్చాక అమ్ముతాడు. లాభమొచ్చినా నష్టమొచ్చినా ఆయనదే.

షేర్‌ మార్కెట్లో మనకు తెలిసిన బ్రోకరు మొదటి రకం. ప్రాప్‌ సంస్థ రెండో రకం. కాకపోతే ఇక్కడ సరకు నెలల తరబడి ఉండదు. ఒక్కోసారి కొన్నది కన్నుమూసి తెరిచేలోగా అమ్మేస్తారు.

ఇందులో ముఖ్యమైన పని 'మార్కెట్‌ మేకింగ్‌'. తెనాలి నిమ్మకాయల మార్కెట్లో ఒకాయన రోజంతా కూర్చుని 'బస్తా తెస్తే వెయ్యికి కొంటా, కావాలంటే వెయ్యీ పదికి ఇస్తా' అంటున్నాడనుకోండి. మధ్యలోని పది రూపాయలే ఆయన సంపాదన. బస్తాలు చేతిలో ఉండగా ధర పడిపోతే మాత్రం మునుగుతాడు. సంస్థలు ఇదే పనిని వేల రకాల ఆప్షన్లు, ఫ్యూచర్లలో కంప్యూటర్లతో చేస్తాయి.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆప్టివర్‌ 1986లో, న్యూయార్క్‌లో టవర్‌ రిసెర్చ్‌ 1998లో, జేన్‌ స్ట్రీట్‌ 2000లో ఇలాగే పుట్టాయి. మన దగ్గర ఇండెక్స్‌ ఫ్యూచర్స్‌ 2000 జూన్‌లో వచ్చాయి. కంప్యూటర్లతో నేరుగా ఆర్డర్లు పంపే దారి 2008 నుంచి తెరుచుకుంది. ఆ తర్వాతే గురుగ్రామ్‌లో, ముంబయిలో క్వాడ్‌ఐ, ఆల్ఫాగ్రెప్‌, గ్రావిటాన్‌ వంటి దేశీయ సంస్థలు వచ్చాయి.

పాచికకు ధరెంత?

ఈ ఉద్యోగానికి షేర్ల గురించి ముందే తెలిసి ఉండాలన్న నిబంధనేం లేదు. చూసేది లెక్కను. ఆప్టివర్‌ పరీక్షలో 8 నిమిషాల్లో 80 నోటి లెక్కలు చేయాలి. ఇంటర్వ్యూల్లో అడిగే ప్రశ్నలు ఇలా ఉంటాయి...

'ఓ పాచిక వేస్తే ఎంత పడితే అన్ని రూపాయలిస్తాం. ఈ ఆటకు ఎంత చెల్లిస్తావు?' 1 నుంచి 6 వరకు సగటు మూడున్నర. అంతకు మించి ఇస్తే నష్టమే. 'సరే, మొదటిది నచ్చకపోతే మరోసారి వేయొచ్చు. ఇప్పుడో?' 4, 5, 6 పడితే ఆగాలి. 1, 2, 3 పడితే మళ్లీ వేయాలి. సగం సార్లు సగటున 5, మిగతా సగం సార్లు మూడున్నర. అంటే ఆట విలువ నాలుగుంబావు రూపాయలు. అదృష్టాన్ని నమ్ముకునేవాడు పాచిక వైపు చూస్తాడు. వీళ్లకు కావాల్సింది ధర వైపు చూసేవాడు!

ట్రేడర్‌, పరిశోధకుడు, సాఫ్ట్‌వేర్‌ డెవలపర్‌... ప్రధానంగా ఉద్యోగాలు ఈ మూడే. డెవలపర్లకు సీప్లస్‌ప్లస్‌ మీద గట్టి పట్టుండాలి. సంస్థలు ఎక్కువగా ఐఐటీల గడపే తొక్కుతాయి. బాపట్లలోనో తెనాలిలోనో ఇంజినీరింగ్‌ చదివేవారికి దారి ఇరుకే. కానీ మూసుకుపోలేదు. కోడ్‌ఫోర్సెస్‌, ఐసీపీసీ వంటి పోటీల్లో ఎవరైనా సత్తా చూపించుకోవచ్చు.

చేరగానే కోట్లు చేతికివ్వరు

మొదటి నెలలన్నీ శిక్షణే. ఉత్తుత్తి ట్రేడింగ్‌, సీనియర్ల పక్కన కూర్చోవడం, పాత రోజుల ధరలపై లెక్క సరిచూడటం. 9.15కు మార్కెట్‌ తెరవకముందే అన్నీ సిద్ధంగా ఉండాలి. 3.30కు మూతపడ్డాక ఎక్కడ తప్పిందో వెతకాలి. ఇంతకు మించి పోగొట్టడానికి వీల్లేదని ప్రతి ఒక్కరికీ పరిమితి ఉంటుంది.

ఎందుకంత జాగ్రత్త? 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్‌ క్యాపిటల్‌ సంస్థ కొత్త సాఫ్ట్‌వేర్‌ను సరిగ్గా అమర్చలేదు. 45 నిమిషాల్లో సుమారు 44 కోట్ల డాలర్లు ఆవిరయ్యాయి!

లాభం ఎవరి జేబులోంచి?

తండ్రి అడగాల్సిన అసలు ప్రశ్న ఇది. సెబీ 2024 సెప్టెంబరులో వెల్లడించిన లెక్క ప్రకారం, 2023-24లో ఫ్యూచర్స్‌, ఆప్షన్లలో ప్రాప్‌ సంస్థలకు సుమారు 33 వేల కోట్ల రూపాయల స్థూల లాభం. అందులో 96 శాతం కంప్యూటర్‌ ట్రేడింగ్‌దే. మరోవైపు, 2021-22 నుంచి మూడేళ్లలో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. పోయింది లక్షా 80 వేల కోట్లకు పైనే!

నియమాలు మీరినట్టు అనుమానమొస్తే ఎంత పెద్ద సంస్థనైనా నిలదీస్తారు. జేన్‌ స్ట్రీట్‌ సూచీలను ప్రభావితం చేసిందంటూ 2025 జులైలో సెబీ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. 4,843 కోట్ల రూపాయలు జమ చేయమంది. ఆరోపణలను ఖండించిన సంస్థ, డబ్బు జమచేసి అప్పిలేట్‌ ట్రైబ్యునల్‌కు వెళ్లింది.

సంతకానికి ముందు...

* పత్రికల్లో వచ్చే అంకెలో జీతంతోపాటు చేరేటప్పుడిచ్చే మొత్తం, బోనస్‌ కలిసి ఉండొచ్చు. ఏటా ఖాయంగా వచ్చేదెంతో విడిగా అడగాలి.

* మానేశాక కొన్ని నెలలు పోటీ సంస్థలో చేరకూడదనే షరతు ఉంటుంది. ఆ కాలానికి జీతం ఇస్తారో లేదో చూసుకోవాలి.

* 'ఫీజు కట్టి పరీక్ష పాసైతే మా డబ్బుతో ట్రేడింగ్‌ చేయొచ్చు' అనే ఫోన్‌ ప్రకటనలు వేరు. అసలు సంస్థ జీతమిస్తుంది. మీ దగ్గర డబ్బు తీసుకోదు.

ఇక నగరం ఇంటికొస్తే... 'పేకాట కదరా' అన్న తండ్రికి కొడుకు చెప్పాల్సిన జవాబు ఒకటే. 'అక్కడ పెట్టేది కంపెనీ సొమ్ము నాన్నా. తప్పు చేస్తే ఆపేవాళ్లు పక్కనే ఉంటారు'. కొడుకు దగ్గర తండ్రి తీసుకోవాల్సిన మాటా ఒకటుంది. ఆ జీతం చూసి తమ్ముడు ఇంట్లో కూర్చుని, ఎకరం తాకట్టు పెట్టిన డబ్బుతో ఆప్షన్లు మొదలుపెట్టకూడదు. ఎందుకంటే ఫోన్‌ తెరకు అవతల కూర్చుని ఉండేది అన్నయ్య లాంటివాళ్లే!