నీడ పట్టుకుంటేనే ఫొటో

కర్నూలులో ఏడాదికి రెండుసార్లు నీడ మాయమవుతుంది. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు రెండో వారంలో మరోసారి పొద్దు సరిగ్గా నడినెత్తికొస్తుంది. పన్నెండు దాటాక కాసేపు, నిలువుగా పాతిన కర్రకు నీడ పడదు. ఆగస్టులో మబ్బులు అడ్డం రావచ్చు. మేలో ఆ వేళ కొండారెడ్డి బురుజు ముందు ఎవరినైనా నిలబెట్టి ఫొటో తీసి చూడండి. కళ్లుండాల్సిన చోట రెండు నల్లటి గుంతలు, ముక్కు కింద మీసంలా ఓ మరక, నుదురేమో తెల్లగా పాలిపోయి ఉంటుంది. ఎంత ఖరీదైన కెమెరా అయినా ఇంతే.

గని, శకునాల గ్రామాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కుకు సరిపోయిన ఎండ ఇది. అందుకే మన దగ్గర లైటింగ్ పాఠం ఎండను తగ్గించుకోవడంతో మొదలవ్వాలి. ఆ పాఠం పాత మట్టిమిద్దెల్లో ఎప్పటి నుంచో ఉంది.

వెలుతురు రావడానికి, పొగ పోవడానికి మిద్దె పైకప్పులో గవాచి అనే కంత వదిలేవారు. సరిగ్గా దాని కింద అవ్వను కూర్చోబెడితే మళ్లీ నడినెత్తి ఎండే. రెండడుగులు గోడ వైపు జరిపి, ముఖం గవాచి వైపు కొద్దిగా ఎత్తమనండి. వెలుగు ఏటవాలుగా తగిలి, ఒక చెంప మీద నిలిచి, రెండో చెంప మీద మెల్లగా నీడలో కలుస్తుంది. ముడతలన్నీ వాటి లోతుతో సహా కనిపిస్తాయి. నేల మీద బేతంచెర్ల లేతరంగు బండలుంటే ఇంకా మేలు. ఎండ పడిన బండ నుంచి వెలుగు పైకి లేచి గడ్డం కింది చీకటిని పలచబరుస్తుంది. కడప నల్లబండ పరిచిన ఇంట్లో ఆ సాయం ఉండదు. ముందు ఒక తెల్లపంచె పరవండి, స్టూడియో రిఫ్లెక్టర్ చేసే పని అదే చేస్తుంది.

చీకటి గదిని చూసి కెమెరా మొత్తం వెలిగించబోతుంది, ముఖం తెల్లబారుతుంది. ఫోనులో వెలుగున్న చెంప మీద వేలు పెట్టి, పక్కన కనిపించే సూర్యుడి గుర్తును కిందికి జరపండి. పూర్తిగా తెల్లబడిపోయిన చోట వివరం తిరిగి రాదు. నీడలో కొంతైనా మిగిలి ఉంటుంది.

స్లాబు ఇళ్లకు గవాచి లేదు. వీధి తలుపు తెరిచి గడపకు లోపల నిలబెట్టినా చాలు.

ఆరుబయటా ఇదే లెక్క. గండికోటలో పెన్నా కోసిన లోయ గోడలు మిట్టమధ్యాహ్నం చదునుగా, ఒకే రంగులో కనిపిస్తాయి. పొద్దు వాలేకొద్దీ ఒక్కో రాతిపొర కింద నీడగీత పడి లోతు తెలుస్తుంది. పదకొండింటికి వచ్చి పన్నెండింటికి వెళ్లిపోయేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

వెలుగు దిక్కు గమనించడం అలవాటు కావాలంటే 1957 నాటి ‘మాయాబజార్’ చూడండి. తీసింది తాడిపత్రి కె.వి.రెడ్డి, నిర్మాతల్లో ఒకరు కడప జిల్లా నుంచి వెళ్లిన బి.నాగిరెడ్డి. పడవ పాటలో మార్కస్ బార్ట్‌లే కెమెరా పట్టిన వెన్నెలను, శబ్దం ఆపేసి, వెలుగు ఎటు నుంచి వస్తోందో వెతుకుతూ చూడాలి.

ఆ తర్వాత దసరా రాత్రి దివిటీల వెలుగులో కర్రలతో తలపడే దేవరగట్టు బన్ని ఉత్సవం మంచి పరీక్ష. ఫ్లాష్ వేస్తే దుమ్మంతా తెల్లచుక్కలై, దివిటీల పసుపు వెలిసిపోతుంది. ఫ్లాష్ ఆపి, ఐఎస్ఓ 3200కు పెంచి, దివిటీ ముఖానికి దగ్గరయ్యే క్షణం కోసం కాచుకోండి. దూరం రెట్టింపైతే దాని వెలుగు నాలుగో వంతే మిగులుతుంది. మీరు మాత్రం కర్రలు తిరిగే చోటికి దూరంగా, ఎత్తు మీద నిలబడి జూమ్ లెన్స్‌తోనే తీయండి.