అరుదైన జబ్బుకు సర్కారు మందు ఎవరికి?

కడుపులో బల్ల పెరిగి పొట్ట ముందుకు వచ్చిన పిల్లవాడిని చూస్తే మన పల్లెల్లో మొదట తోచేది మలేరియా, కాకుంటే నులిపురుగులు. చాలాసార్లు అనుమానం నిజమే అవుతుంది. కాని ఎన్ని మందులు వాడినా బల్ల తగ్గక, ఒంటికి రక్తం పట్టక, ఎముకలు నొస్తున్నాయని పిల్లవాడు ఏడుస్తుంటే అది గౌచర్ జబ్బు కావచ్చు. ఒక రకం కొవ్వును కరిగించవలసిన ఎంజైము పుట్టుకతోనే కొరవడి, ఆ కొవ్వంతా బల్లలో, కాలేయంలో, ఎముకల మూలుగలో పేరుకుపోతుంది. పాంపే, ఫాబ్రీ, హర్లర్, హంటర్ అనే జబ్బులూ ఈ కోవలోవే.

ఈ జబ్బుకు మందు లేదా అంటే, ఉంది. దాన్ని కొనడమే ఎవరి తరమూ కాదు.

గౌచర్ మందును అమెరికాలో 1991లో మొదట అనుమతించారు. అప్పుడు దాన్ని కాన్పు తర్వాత పడే మావి నుండి తీసేవారు. ఒక్క రోగికి ఏడాదికి సరిపడా మందు తీయడానికి వేల మావిలు కావలసి వచ్చేవి. ఆ ఏడాది ప్రకటించిన పరీక్షలో పాల్గొన్న రోగులు 12 మందే. వారిలో బల్ల తగ్గింది, రక్తం పెరిగింది. జబ్బే అరుదైనప్పుడు వేలమందిపై పరీక్ష జరపడం ఎలా? ఇటువంటి మందులను తూచేవారికి మొదటి చిక్కు ఇదే. 1994 నుండి ప్రయోగశాలలో పెంచిన కణాల ద్వారా చేసిన మందు వచ్చింది గాని, ధర దిగిరాలేదు.

రెండు వారాలకోసారి సెలైన్ మాదిరి ఎక్కించాలి, బతికినన్నాళ్ళూ. బరువును బట్టి మోతాదు. పిల్లవాడు పెరిగేకొద్దీ ఖర్చూ పెరుగుతుంది. పది కిలోల పిల్లవాడికి కొన్ని అరుదైన జబ్బుల్లో ఏడాదికి 10 లక్షల నుండి కోటి రూపాయలకు పైగా అవుతుందని కేంద్ర ప్రభుత్వ విధాన పత్రమే చెబుతున్నది.

మూడు తరగతులు

గౌచర్ జబ్బున్న ఒక నిరుపేద బాలుడికి ఉచితంగా చికిత్స చేయాలని ఢిల్లీ హైకోర్టు 2014లో ఆదేశించింది. 2017లో కేంద్రం ఒక విధానం ప్రకటించి, తర్వాత పక్కన పెట్టింది. 2021 మార్చిలో ఇంకొకటి వచ్చింది. దాని ప్రకారం జబ్బులు మూడు తరగతులు. మూలుగ మార్పిడి, కాలేయ మార్పిడి వంటి ఒక్కసారి చికిత్సతో నయమయ్యేవి మొదటివి. ప్రత్యేకమైన పాలపొడి, ఆహారం, తక్కువ ధర మందులతో జీవితాంతం నెట్టుకురాగలిగేవి రెండవవి. మందు ఉండీ, విపరీతమైన ధర గలవి మూడవవి. గౌచర్, పాంపే, ఫాబ్రీ ఇందులోకే వస్తాయి.

ఎవరికి మందు ఇవ్వాలో ఎంపిక చేసిన ఆసుపత్రుల్లోని వైద్యుల కమిటీ చూస్తుంది. మన రెండు జిల్లాల వారికి దగ్గరిది హైదరాబాదు పంజగుట్టలోని నిమ్స్. సీడీఎఫ్‌డీ సంస్థతో కలిసి అది ఈ పని చూస్తుంది. ఎంజైము పరీక్ష, జన్యు పరీక్షలతో జబ్బు ఖాయమైందా, అవయవాలు ఎంత దెబ్బతిన్నాయి, మందుతో ఫలితం ఉంటుందా అన్నది తేల్చాలి. రక్తంలోకి ఎక్కించిన ఎంజైము మెదడుకు చేరదు. అందుకే మెదడును తీవ్రంగా దెబ్బతీసే రకమైతే మందు ఇవ్వరు. కన్నవారికి ఇది పిడుగులాంటి మాట. అయినా వైద్యులు దాచకుండా చెప్పవలసిన మాట.

ఇంగ్లండులో లెక్క వేరు. ఒక మనిషికి ఆరోగ్యంతో గడిచే ఒక ఏడాది దక్కడానికి ఎంత ఖర్చని కొలుస్తారు. 2017లో మామూలు మందులకు 20 నుండి 30 వేల పౌండ్ల హద్దు ఉండగా, అతి అరుదైన జబ్బుల మందులకు దాన్ని లక్షకు పెంచారు. మన దేశంలోనూ ఖర్చును, మేలును పోల్చి చూసే విభాగం 2017లో ఏర్పడింది. కాని ఉత్త తక్కెడతోనే తూస్తే ఈ పిల్లలు ఎప్పుడూ ఓడిపోతారు.

యాభై లక్షల తర్వాత?

2021లో మొదటి తరగతికే 20 లక్షల సాయం అన్నారు. 2022 మేలో అన్ని తరగతులకూ 50 లక్షల వరకు పెంచారు. వినడానికి పెద్ద మొత్తమే. ఏడాదికి 25 లక్షలయ్యే పిల్లవాడికి రెండేళ్ళతో సరి. బల్ల తగ్గి బడికి పోతున్న పిల్లవాడికి మందు ఆపితే జబ్బు మళ్ళీ తిరగబెడుతుంది. జీవితాంతం వాడవలసిన దానికి గడువు పెట్టడం ఏ లెక్కన సబబో అర్థం కాదు.

కార్డు ఉంది కదా అని కొందరు అడుగుతారు. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. అయితే ఆ పథకం ప్రధానంగా ఆపరేషన్లకు, ఆసుపత్రి చికిత్సలకు కట్టిన ధరల మీద నడుస్తుంది.

అసలు ఆశ వేరే చోట ఉంది. కొన్ని అరుదైన జబ్బుల మందులు మన దేశంలోనే తయారవుతున్నాయని కేంద్రం 2023 నవంబరులో ప్రకటించింది. టైరోసినీమియా మందు ఏడాదికి 2.2 కోట్ల నుండి 2.5 లక్షలకు దిగింది. పెద్దవారి గౌచర్‌కు వాడే ఎలిగ్లుస్టాట్ బిళ్ళలు 1.8 – 3.6 కోట్ల నుండి 3 – 6 లక్షలకు వచ్చాయి. ఏడాదికి ఐదు లక్షలయితే అదే 50 లక్షలు పదేళ్ళు వస్తాయి!

ఈ జబ్బుల్లో చాలావాటికి తల్లిదండ్రులిద్దరిలోనూ ఒకే లోపం దాగి ఉండాలి. అటువంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. మేనరికాల్లో ఇది ఎక్కువ. బిడ్డ దక్కకపోయినా పరీక్ష కాగితాలు పారేయకూడదు. జన్యులోపం ఏదో తెలిసి ఉంటే, మళ్ళీ నెల తప్పినప్పుడు మూడవ నెల చివరలోనే మావి ముక్క తీసి కడుపులోని బిడ్డకు జబ్బు ఉన్నదీ లేనిదీ చెప్పగలరు.