చెల్లెలి పేరు మోసిన చొక్కా

మా చెల్లెలికి రొమ్ము క్యాన్సర్ అని తెలిసిన తరువాత ఎనిమిది నెలల పాటు ఆ మాటను మా ఇంట్లో ఎవరమూ పలకలేదు. పరామర్శకు వచ్చిన వారితో "ఒంట్లో నలతగా ఉంది, దుఆ చేయండి" అనేవారము. అంతకు ముందు ఆమె కూడా రొమ్ములోని గడ్డను చాలాకాలం దాచింది. మదరసాలో పాతికేళ్ళకు పైగా పిల్లలకు ఉన్నది ఉన్నట్లు చెప్పమని నేర్పుతున్న మేము, ఈ ఒక్క విషయంలో మాత్రం మాట దాటవేస్తూ వచ్చాము.

అటువంటి రోజులలో అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామూజాన్, ఆగస్టులో ఇక్కడ క్యాన్సర్ చికిత్స కోసం సైకిల్ యాత్ర ఉంది. నేనూ పాల్గొంటున్నాను. చొక్కా వీపు మీద అమ్మీ పేరు వ్రాసుకుంటాను" అన్నాడు. మాకు కోపం వచ్చింది. సైకిల్ తొక్కితే రోగం ఎలా తగ్గుతుందని అడిగాము. పరాయి దేశపు రోడ్ల మీద ఇంటి ఆడబిడ్డ పేరు ఊరేగించడం ఏమిటని కూడా అన్నాము. అతడు ఎదురు మాట్లాడలేదు. ఆ యాత్ర గురించి ఓపికగా వివరించాడు. తరువాత మేమూ కొంత చదివి తెలుసుకున్నాము.

దాని పేరు పాన్ మాస్ ఛాలెంజ్. మసాచుసెట్స్ రాష్ట్రంలో జరుగుతుంది. బిల్లీ స్టార్ అనే వ్యక్తి తల్లి 1974లో చర్మ క్యాన్సర్‌తో మరణించింది. ఆమె జ్ఞాపకంగా 1980లో అతడు మరికొందరిని కూడగట్టి ఈ యాత్ర మొదలుపెట్టాడు. ఆ ఏడు 36 మంది తొక్కారు, 10,200 డాలర్లు సమకూరాయి. నేడు వేలమంది తొక్కుతున్నారు. 2024 నాటికి మొత్తం విరాళాలు వంద కోట్ల డాలర్లు దాటాయి. ఆ ధనం బోస్టన్‌లోని డానా ఫార్బర్ క్యాన్సర్ సంస్థకు చేరుతుంది.

పద్ధతి కఠినమైనదే. ప్రతి సైకిలిస్టు తాను ఎంచుకున్న మార్గాన్ని బట్టి కొన్ని వేల డాలర్లు సేకరిస్తానని ముందే మాట ఇవ్వాలి. లోటు పడితే అది అతని క్రెడిట్ కార్డు నుండే తీసుకుంటారు. సైకిలిస్టులు సేకరించినదంతా పూర్తిగా వైద్య సంస్థకే వెళుతుంది. ఏర్పాట్ల ఖర్చును ప్రాయోజకులు, ప్రవేశ రుసుములు భరిస్తాయి. చందా పుస్తకం పట్టుకొని గడప గడపకూ తిరిగిన అనుభవం మాకు ఉంది. కనుక ఇచ్చిన మాటకు ఇలా సొంత జేబును జామీను పెట్టడం మాకు నచ్చింది.

చదువుతూ ఉండగా మమ్మల్ని ఆపివేసిన సంగతి మరొకటి ఉంది. ఆ సంస్థ స్థాపకుడు సిడ్నీ ఫార్బర్ పిల్లల వైద్యుడు. ల్యుకేమియా అంటే మరణమే అనుకునే కాలంలో, 1947 చివరిలో, అతడు ఆ వ్యాధి సోకిన పిల్లలకు అమినాప్టెరిన్ అనే మందు ఇచ్చాడు. 16 మందిలో 10 మందికి తాత్కాలికంగానైనా గుణం కనిపించింది. ఆ మందును తయారుచేసింది లెడర్లీ ప్రయోగశాలలో యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం. ఆయన 1895లో భీమవరంలో జన్మించారు. 1948 ఆగస్టులో, గుణం కనిపించిన వార్త వెలువడిన కొద్ది వారాలకే, మరణించారు. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌ను వైద్యులు నేటికీ వాడుతున్నారు. ఈ మాట చెప్పినప్పుడు మా చెల్లెలు "మన భీమవరమేనా?" అని రెండుసార్లు అడిగింది.

ఆగస్టు మొదటి వారాంతంలో యాత్ర సాగింది. మా మేనల్లుడు ఎంచుకున్న మార్గం స్టర్‌బ్రిడ్జ్ నుండి బోర్న్ వరకు ఒక రోజు, అక్కడి నుండి సముద్రతీరపు ప్రావిన్స్‌టౌన్ వరకు మరొక రోజు, దాదాపు 300 కిలోమీటర్లు. రాత్రి బోర్న్‌లోని నౌకా విద్యాలయంలో బస. వీధులలో జనం నిలబడి చప్పట్లు కొడతారట. తాము కోలుకున్నామని అట్టల మీద వ్రాసి పట్టుకున్నవారు కూడా ఉంటారట. చికిత్స పొందినవారే కొందరు సైకిల్ ఎక్కుతారు. ఒక ఎత్తు రోడ్డు మీద మావాడికి కాళ్ళు పట్టేశాయి. వెనుక వస్తున్న ఒక ముసలాయన అతని వీపు మీది పేరు చదివి, పలకడం సరిగా రాక తప్పుగా పలుకుతూ, ఆమె కోసం తొక్కమని హెచ్చరిస్తూ ముందుకు సాగిపోయాడట.

ఆ రాత్రి ఫోన్‌లో ఈ సంగతి విని మా చెల్లెలు చాలాసేపు నవ్వింది. "ఎలా పలికాడు? మళ్ళీ చెప్పు" అని కొడుకును అడిగింది. తరువాత మా వైపు తిరిగి, "భాయిజాన్, తెలియని దేశంలో ఒక ముసలాయనకు తెలిసింది. మన వీధిలో వాళ్ళకు చెబితే ఏమవుతుంది?" అన్నది. మా దగ్గర జవాబు లేదు.

మరుసటి శుక్రవారం ఇంటికి వచ్చిన ఆడవాళ్ళకు ఆమే స్వయంగా వ్యాధి పేరుతో సహా చెప్పింది. కొందరు గతుక్కుమన్నారు. ఒకామె ఏడ్చింది. అందరూ వెళ్ళిన తరువాత వెనుక వీధికి చెందిన ఒక కోడలు పిల్ల మాత్రం గుమ్మం దగ్గర ఆగిపోయింది. చంకలో గడ్డ ఉన్నదనీ, ఇంట్లో ఇంకా చెప్పలేదనీ అన్నది. మా చెల్లెలు ఆమెను వెంటబెట్టుకొని ఆసుపత్రికి వెళ్ళి పరీక్ష చేయించింది. ఫలితం ఇంకా రావలసి ఉంది.