వెంటిలేటర్లకు లెక్క ఉన్నది, నిద్రకు లేదు

ఆసుపత్రుల ప్రస్తావన వచ్చినపుడల్లా పార్లమెంటులో సభ్యులు అడిగేవీ, మంత్రులు చెప్పేవీ అంకెలే. 2020 మే నెలలో పీఎం కేర్స్ నిధి నుంచి 50 వేల వెంటిలేటర్లకు 2 వేల కోట్ల రూపాయలు కేటాయించారు. 2021 అక్టోబరులో ప్రారంభమైన కేంద్ర పథకం 602 జిల్లాలలో ఇంటెన్సివ్ కేర్ విభాగాలు నిర్మించదలచింది. మంచిదే. కాని ఆ యంత్రం పక్కన పడుకున్న మనిషి రాత్రి నిద్రపోయాడా అని ప్రశ్నోత్తరాల సమయంలో ఎవరైనా అడిగినట్లు ఈ విలేఖరికి గుర్తు లేదు.

కలకత్తా నైరుతి కొసన, హుగ్లీ ఒడ్డున మెటియాబ్రుజ్ ఉన్నది. అవధ్ రాజ్యం పోగొట్టుకొని 1856లో కలకత్తా చేరిన నవాబు వాజిద్ అలీ షా 1887లో కన్నుమూసే దాకా ఉన్నది అక్కడే. ఇప్పుడది దర్జీల వాడ. వీధిలో వినిపించేది ఉర్దూ, బెంగాలీ. పొరుగున గార్డెన్ రీచ్‌లో ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం, కేంద్ర ఆసుపత్రి ఉన్నాయి. 2003 వరకు వాల్తేరు డివిజన్ ఆ రైల్వేలోనిదే గనుక విశాఖ రైల్వే కుటుంబాలకు ఆ పేరు కొత్త కాదు.

ఆ వాడ దర్జీ ఒకాయన న్యుమోనియాతో ఏదో ఒక ఐ.సి.యు.లో చేరాడనుకొందాం. గొంతులో గొట్టం, మాట లేదు. రాత్రింబవళ్లు దీపాలు, యంత్రాల మోత. మూడవ నాటికి గొట్టాలు పీకివేయబోతాడు, లేని మనుషులను చూస్తాడు. మన పెద్దలు సన్నిపాతమన్న దానినే డాక్టర్లు డిలీరియం అంటారు. దానిని కనిపెట్టడానికి అమెరికాలో 2001లో రూపొందిన పరీక్ష ఒకటున్నది. కొన్ని ఇంగ్లీషు అక్షరాలు చదువుతూ, 'ఎ' వినిపించినపుడల్లా చేయి నొక్కమంటారు. ఇంగ్లీషు అక్షరాలు రాని వానిని, చెవి మిషను తీసి బల్లపై పెట్టిన వృద్ధుని అదే తీరుగా పరీక్షిస్తే తప్పు రోగిదా, పరీక్షదా? తన భాషలో అడగడం, కళ్లజోడు, చెవి మిషను తిరిగి పెట్టడం, రాత్రి దీపాలు తగ్గించడం - వీటికి విదేశీ మారకద్రవ్యం అక్కరలేదు.

మత్తు సంగతి కూడా అంతే. రోగిని కదలకుండా పడుకోబెడితే సిబ్బందికి సుఖం. షికాగోలో 128 మంది రోగులపై జరిగి 2000లో వెలువడిన పరిశోధనలో, రోజుకొకసారి మత్తు ఆపి మేల్కొలిపిన వారికి వెంటిలేటర్ అవసరం 7.3 రోజుల నుంచి 4.9 రోజులకు తగ్గింది. 2009లో వచ్చిన మరొక పరిశోధనలో, తొలినాళ్లలోనే కూర్చోబెట్టి కదిలించిన వారిలో 59 శాతం తమ పనులు తాము చేసుకోగల స్థితిలో ఇల్లు చేరారు. కదిలించని వారిలో ఆ సంఖ్య 35 శాతమే. అయితే అతి పనికిరాదు. మామూలు కంటే ఎక్కువగా కదిలించినందువల్ల లాభం కనబడలేదనీ, ఉపద్రవాలు పెరిగాయనీ 2022లో మరొక పరిశోధన తేల్చింది.

బంధువులను అద్దం బయట నిలబెట్టే ఆచారానికి అంటురోగాల భయమే కారణమంటారు. బ్రెజిల్‌లో 36 ఐ.సి.యు.లలో జరిగిన పరిశోధన 2019లో వెలువడింది. సందర్శన వేళలు పెంచితే సన్నిపాతం తగ్గలేదన్న మాట నిజమే. కాని అంటురోగాలూ పెరగలేదు, బంధువుల ఆందోళన తగ్గింది. వరండాలో తువ్వాలు పరచుకొని పడుకొనే మన జనానికి ఆ మాత్రం దక్కినా చాలు.

కేంద్ర ఆరోగ్యశాఖ 2024 జనవరిలో ఐ.సి.యు. మార్గదర్శక సూత్రాలు వెలువరించింది. అవి ప్రధానంగా ఎవరిని చేర్చుకోవాలి, ఎప్పుడు పంపాలి అన్నవే. లోపల గడిచే రోజుల మాట మిగిలే ఉన్నది. మేల్కొన్న రోగిని కనిపెట్టి ఉండడానికి మనిషి కావాలి. ఆరోగ్యశాఖ పద్దుపై చర్చకు లేచే మన సభ్యులు ఈసారి పడకల సంఖ్యతో పాటు, రాత్రి డ్యూటీలో ఒక్కొక్క నర్సుకు ఎందరు రోగులో కూడా అడుగుతారేమో చూడాలి.