పటాలపు పలుకులు



పటాలములో పది పదునైదేండ్లు కొలువు చేసి గ్రామమునకు మరలివచ్చినవాని నోట మన మెఱుగని పలుకులు దొరలుచుండును. వానిని విని పిల్లలు నవ్వుదురు. పెద్దలలో కొందఱు వీని భాష చెడినదని పెదవి విఱతురు. భాష చెడినదో, లేక మనకు తెలియని చరిత్రమును మోసికొని వచ్చినదో కొంచెము విచారింతము.

మొదట మన నోటనున్న మాటలనే చూతము. సిపాయి యను పదము పారసీకము. ‘సిపాహ్’ అనగా సేన. సేనకు చెందినవాడు సిపాయి. హవల్దారు పదములోని ‘హవాలా’కు అప్పగింత యని యర్థము, తన కప్పగింపబడినదానిని కాపాడువాడు హవల్దారు. సుబా యనగా రాష్ట్రము. మొగలుల కాలమున సుబేదారు ఒక రాష్ట్రమునంతయు పాలించిన ప్రభువు. కుంపిణీవారి సేనలో ఆ బిరుదము ఒక చిన్న దళమునందలి దేశీయోద్యోగికి దక్కినది. రాజ్యములు కూలినపుడు మనుష్యులవలెనే మాటలును మెట్టు దిగును. కవాతు అరబ్బీ మాట. నియమమను నర్థముగల ‘కాయిదా’కు బహువచనమైన ‘కవాయిద్’ నుండి వచ్చినది. పటాలము ఇంగ్లీషువారి ‘బెటాలియను’నకు రూపాంతరము. ఇవన్నియు ఒకప్పుడు దండులోని పరాయి పలుకులే. నేడు వానిని తెలుగు కాదనువా రెవ్వరును లేరు.

మనము ఎరువు తెచ్చుకొన్నట్లే తెల్ల సిపాయిలును మననుండి తీసికొనిరి. ‘ఖాక్’ అనగా దుమ్ము. దుమ్మురంగు బట్ట ఖాకీ. 1846లో లమ్స్‌డెన్ అను దొర పెషావరునందు కూర్చిన గైడ్సు దళము ఆ రంగును ధరించిన మొదటి దళములలో నొకటి. ఎఱ్ఱ చొక్కాయ శత్రువునకు దూరమునుండియే గుఱి యగును. దుమ్మురంగువాడు దుమ్ములో కలిసిపోవును. మన పెండ్లిండ్లలో అన్నము వండు డేగిసా హిందూస్తానీలో ‘దేగ్చీ’. దానినే వారు ‘డిక్సీ’ యని మార్చి, తమ కూటిపాత్రకు పేరిడిరి. చూడుమను నర్థముగల ‘దేఖో’ వారి నోట ‘డెకో’ యై, ఒకసారి తేఱిపాఱ చూచుటకు పేరైనది.

ఇంతవఱకు వినోదమే. ఇక కొన్ని మాటలలో వేదన గలదు.

నాసికకు చేరువను దేవలాలీ యను దండుస్థలము కలదు. వెనుకటి కాలమున కొలువు ముగిసిన తెల్ల సిపాయిలు స్వదేశమునకు పోవు ఓడకై అచట వేచియుండెడివారు. ఆ ఓడలు శీతకాలమున మాత్రమే నడచెడివి. వేసవి మొదట చేరినవాడు నెలలతరబడి కూర్చుండవలసినదే. చేయ పనిలేదు; ఎండ మెండు; మద్యమును జ్వరమును తోడు. కొందఱికి మతి చలించెడిది. అట్టివానిని తోడివారు ‘డూలాలీ తాప్’ తగిలినవాడనిరి. డూలాలీ దేవలాలీయే, తాప్ అనగా జ్వరము, మన తాపమునకు చుట్టము. నేటికిని ఇంగ్లీషున మతి తప్పినవానిని ‘డూలాలీ’ యందురు. ఆ మాట పలుకువారిలో పెక్కండ్రకు అది మన దేశపు ఊరి పేరని తెలియదు.

ఇంతకంటె చిత్రమైనది ‘బ్లైటీ’ యను మాట. అరబ్బీలో విలాయత్ అనగా ఒక పాలనకు లోబడిన దేశము. మన దేశమున అది క్రమముగా పరదేశమునకు, అందును ఇంగ్లండునకు పేరయ్యెను. మనము సీమచింత, సీమవంకాయ యన్నట్లే ఉత్తరాదివారు దూరదేశపు వస్తువును విలాయతి యనిరి. ఆ విలాయతియే తెల్ల సిపాయి నోట బ్లైటీ యై, అతని యింటికి పేరైనది. 1914 మొదలు 1918 వఱకు జరిగిన మహాయుద్ధమున ఫ్రాన్సు కందకములలో ‘బ్లైటీ గాయము’ అను పలుకు పుట్టినది. ప్రాణము పోరాదు, జన్మమంతయు కుంటివానిని చేయరాదు, ఇంటికి పంపవలసినంత బలమైనదిగా మాత్రము ఉండవలెను. ఇట్టి గాయము తగిలినవానిని చూచి తోడివారు అదృష్టవంతుడనిరి! తూటాదెబ్బను వరముగా కోరుకొన్న మనుష్యుని దుఃఖము ఎంతటిదో ఆలోచింపుడు.

అదే యుద్ధమున 1914 సెప్టెంబరులో మన దేశపు సేనలును మార్సేల్సు రేవున దిగినవి. వారు ఇండ్లకు వ్రాసిన జాబులను అధికారులు చదివి, తగనివానిని ఆపుచుండిరి. అందుచేత కొందఱు సిపాయిలు గుప్తముగా వ్రాసిరి. నల్లమిరియము లనగా మన సిపాయిలు; ఎఱ్ఱమిరపకాయ లనగా తెల్లవారు. నల్లమిరియములు అయిపోవుచున్నవని వ్రాసినచో మనవారు పెక్కండ్రు కూలుచున్నారని భావము. తనిఖీదారులు ఈ గుట్టు కనిపెట్టి తమ నివేదికలలో వ్రాసికొనిరి. ఆ నివేదికలు లండనునందు భద్రముగా నున్నవి. తమ్ముని సేనలో చేర్పవలదని అన్న చెప్పదలచినపుడు వంటింటి సరకే అక్షరమైనది.

దీనినిబట్టి పటాలపు పలుకులు పుట్టుటకు మూడు కారణములు తోచుచున్నవి. పలు భాషలవారు ఒక్క పంక్తిని నిలిచి పని చేయవలయును గనుక, అందఱకు తెలిసిన పొట్టిమాట కావలెను. భయమును నేరుగా చెప్పికొనుట సిపాయికి నామోషి గనుక, దానిని నవ్వులో చుట్టవలెను. పైవానికి తెలియగూడనిది తనవానికి తెలియవలెను గనుక, మాటకు ముసుగు వేయవలెను. వీనిలో ఏదియు భాషను చెఱచుట కాదు. కష్టమున మనుష్యుడు తన భాషను పనిముట్టుగా చేసికొనుటయే.

మన తెలుగునాటినుండియు సేనలో చేరినవారు తక్కువకాదు. పశ్చిమ గోదావరి జిల్లా మాధవరమునకు మిలిటరీ మాధవరమను పేరే కలదు. మదరాసు సాపర్ల దళమువారిని సేనలో అందఱును ‘తంబీ’ లందురు. తంబి యనగా తమ్ముడు. తెలుగువాడు, తమిళుడు, కన్నడిగుడు, మలయాళి ఎవడైనను అందు తంబియే. పేరు అరవమైనను అందలి చుట్టఱికము అందఱిది.

కావున మీ గ్రామమున పటాలమునుండి వచ్చినవా డున్నచో, ఒక సాయంకాలము అరుగుమీద కూర్చుండబెట్టి మాటాడింపుడు. అతడేదేని వింతమాట పలికినపుడు నవ్వక, అది ఏయూరి దండులో విన్నాడో, ఎప్పుడు వాడెడివారో అడిగి, ఒక కాగితముమీద వ్రాసియుంచుడు. యుద్ధములను గూర్చి దొరలు గ్రంథములు వ్రాసిరి. సామాన్య సిపాయి వ్రాసినది తక్కువ. అతని చరిత్రము అతని పలుకులలోనే యున్నది. వినువారు లేనిచో అది అతనితోనే పోవును.