ప్రసారమును పట్టి దాచుట

సాయంకాలము విజయవాడలోనో గుంటూరులోనో కొలువు ముగించుకొని, తెనాలిలో బండి మాఱి, శాఖామార్గమున రేపల్లె చేరు ఉద్యోగి ఇల్లు చేరునప్పటికి అతడు చూడదలచిన పద్యనాటకము సగము గడచి యుండును. తెల్లవారకమున్నే పొలమునకు నీరు కట్టుటకు పోవు రైతునకు వ్యవసాయ కార్యక్రమము అందదు. బాపట్ల వ్యవసాయ కళాశాల వసతిగృహమున పరీక్షకు చదువుకొను విద్యార్థికి క్రికెట్టు ఆటలోని చివరి ఓవర్లు దక్కవు. ప్రసారకర్త నిర్ణయించిన వేళకు ప్రేక్షకుడు కూర్చుండవలయునే కాని, ప్రేక్షకుని వేళకు ప్రసారము రాదు. ఈ నిర్బంధమును సడలించు ఉపాయములలో చౌకయైనదియు, మన పట్టణములలో ఇప్పుడు దాదాపు మఱుగున పడినదియు నగు నొకటి కలదు: లాప్‌టాప్‌నకు ట్యూనరు తగిలించి టీవీ చూచుట, చూచినదానిని దాచుకొనుట.

ఆంధ్రా ప్యారిస్ అని తెనాలిని పిలుచుకొను ఈ ప్రాంతమునకు, దాచుకొనలేకపోవుటలోని నష్టము క్రొత్తది కాదు. బాపట్లవారైన స్థానం నరసింహారావు (1902–1971) స్త్రీపాత్రలచే విఖ్యాతులై 1956లో పద్మశ్రీ పొందిరి. ఆయన సత్యభామగా రంగమెక్కిన రాత్రులు పందిటిలో కూర్చున్నవారికే దక్కినవి. టీవీ వచ్చిన పిదపనైన ఈ లోపము తీఱవలసినది, కాని వీడియో టేపు ఖరీదైన ఆ దినములలో పాత కార్యక్రమమును చెరిపి ఆ టేపుమీదనే క్రొత్తదానిని ఎక్కించుట పేరుమోసిన ప్రసారసంస్థలకు సైతము వాడుకయై యుండెను. బ్రిటనులో బీబీసీ 1960ల నాటి ‘డాక్టర్ హూ’ ధారావాహికలోని అనేక భాగములను అట్లే పోగొట్టుకొనగా, ఆనాటి పిల్లలు ఇంటిలో టీవీ ఎదుట టేపు రికార్డరు పెట్టి పట్టుకొన్న ధ్వని మాత్రము మిగిలి, నేడు ఆ భాగములకు ఆధారమైనది. సంస్థ పాఱవేసినదానిని ప్రేక్షకుడు కాపాడిన ఉదాహరణమిది. ట్యూనరును వినోదసాధనమని మాత్రమే తలచువారు దీనిని గమనింపవలయును.

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977 అక్టోబరు 23న ఆరంభమైనది. నెల తిరుగకమున్నే, నవంబరు 19న, దివిసీమను ముంచిన ఉప్పెన రేపల్లె ప్రాంతమును సైతము దెబ్బ తీసెను. ఆనాడు ఈ తీరమునకు వార్త రేడియోలో రావలసినదే. 1980లలో ఇన్సాట్ ఉపగ్రహముల చలువవలన టీవీ జిల్లాలకు ప్రాకి, 1995లో ఈటీవీ, జెమినీ ఆరంభమగునాటికి మన వీధులలో స్తంభమునుండి స్తంభమునకు కేబులు తీగ వ్రేలాడుచుండెను. ట్యూనరు కథ మొదలైనది ఆ తీగతోనే.

ఆ తీగలో పదుల కొలది చానళ్ళు, ఒక్కొక్కటి ఒక్కొక్క పౌనఃపున్యముపై, ఏకకాలమున ప్రవహించును. వానిలో కోరినదానిని మాత్రము వేఱు చేయుట ట్యూనరు పని. వేఱు చేసిన సంకేతమును అంకెలుగా మార్చుట దానికి తోడగు మఱొక చిప్పు పని. మన దేశము అవలంబించిన పాల్ పద్ధతిలో సెకనుకు 25 చిత్రములు, చిత్రమునకు 625 గీతలు. అందు కంటికి కనబడు భాగమును 720 చుక్కలు అడ్డముగను 576 నిలువుగను కొలిచి, చుక్కకు రెండు బైట్ల చొప్పున వ్రాసికొన్నచో సెకనుకు రెండు కోట్ల బైట్లు దాటును, గంటకు సుమారు 75 గిగాబైట్లగును. ఆనాటి లాప్‌టాప్ డిస్కు ఒక్క సినిమాతోనే నిండిపోవలసినది. కావున బొమ్మలో మాఱిన భాగమును మాత్రమే వ్రాసికొని మాఱనిదానిని విడిచిపెట్టు సంపీడనము అనివార్యమైనది. ఆ లెక్కలు చేయుచు ప్రాసెసరు కాగిపోవుటయు, పంకా హోరు డైలాగును మింగివేయుటయు పాత లాప్‌టాప్ ఉన్నవారందఱు ఎఱిగినదే.

మఱొక చిక్కు. పాల్ చిత్రము ఒక్కసారిగా రాదు. బేసి గీతలు ముందు, సరి గీతలు సెకనులో ఏబదవ వంతు తరువాత వచ్చును. గాజుబుడ్డి టీవీలో ఈ భేదము కంటికి తెలియదు కాని, లాప్‌టాప్ తెఱ రెండింటిని కలిపి ఒక్కమారే చూపుటచే, కబడ్డీ ఆటగాడు చేయి చాచినప్పుడు ఆ చేతి అంచు దువ్వెన పండ్లవలె చీలి కనబడును. డీ-ఇంటర్లేస్ అను మీట నొక్కగానే పండ్లు మాయమగును. ఆ మీట ఎఱుగక మంచి ట్యూనరును పాడైనదని తిరిగి ఇచ్చినవారున్నారు.

డెస్కుటాప్‌నకు లోపల బిగించు కార్డు ఉండెను. లాప్‌టాప్‌నకు అట్టి చోటు లేకపోగా యూఎస్‌బీ ట్యూనర్లు వచ్చినవి. తెనాలి మేడ గదిలో అద్దెకుండు విద్యార్థికి ప్రత్యేకముగా టీవీ కొనవలసిన పని తప్పెను. కేబులు తీగను దానికి బిగించి, ‘ఆటో స్కాన్’ నొక్కి, చానళ్ళు ఒక్కొక్కటి పట్టుబడుట చూచుచు కూర్చుండుట ఒక వేడుక. తఱువాత గంట, నిమిషము చెప్పి యుంచినచో యజమాని ఇంట లేకున్నను రికార్డింగు జరిగిపోవును. ఒక్క జాగ్రత్త: మూత వేయగానే యంత్రము నిద్రపోవు అమరికను ముందే మార్చవలయును. మార్చనిచో మూత పడిన క్షణముననే రికార్డింగు ఆగిపోవును.

పిదప డిజిటలీకరణము వచ్చెను. 2011లో సవరింపబడిన కేబులు చట్టము ప్రకారము దేశము నాలుగు దశలుగా విభజింపబడి, మహానగరములు, పెద్ద నగరములు పోగా మిగిలిన పట్టణములన్నింటికి 2015 డిసెంబరు 31 గడువుగా నిర్ణయింపబడెను. తెనాలి, బాపట్ల, రేపల్లె ఈ మూడవ దశలోనివి. ప్రభుత్వపక్షమున న్యాయము లేకపోలేదు: ఎన్ని ఇండ్లకు తీగ పోవుచున్నదో ఆపరేటరు చెప్పినదే లెక్కయై, చానళ్ళకు రాబడి, ఖజానాకు పన్ను తగ్గుచుండెను. కాని పాత సంకేతము ఆగిన దినమున ట్యూనరులో చుక్కలే మిగిలినవి. కేబులు అబ్బాయిని అడిగినచో, “బాక్సు లేకపోతే బొమ్మ రాదండీ” అనెడివాడు. డిజిటల్ తీగను చదువగల ట్యూనరు కొన్నను ప్రయోజనము లేదు, ఏలయన సంకేతమునకు తాళము వేసి, తాళపుచెవిని బాక్సులో పెట్టిరి. ఈ తాళము దొంగను మాత్రమే కాక, చందా కట్టిన గృహస్థుని సైతము తన యంత్రమునుండి దూరము చేసినదని నా అభిప్రాయము.

బాక్సు వెనుకనుండు పసుపు, ఎఱుపు, తెలుపు తీగలను చిన్న క్యాప్చరు పరికరముద్వారా లాప్‌టాప్‌లోనికి తెచ్చుట ఒక మార్గము. బొమ్మ వచ్చును, కాని చానలు మార్చుట లాప్‌టాప్ వశమున నుండదు. బాక్సును ముందుగనే ఆ చానలులో పెట్టి పోవలయును, ఇంటివారెవరైన రిమోటు త్రిప్పినచో నాటకమునకు బదులు వంటల కార్యక్రమము మిగులును.

మెఱుగైన మార్గము మేడపైన కలదు. దూరదర్శన్ వారు 2004 డిసెంబరులో ఆరంభించిన ఉచిత డిష్షు సేవ, నేటి డీడీ ఫ్రీ డిష్, నెలసరి చందా లేనిది; సప్తగిరి, యాదగిరి చానళ్ళు అందు లభించును. ఆ సేవను ప్రసరించు జీశాట్-15 ఉపగ్రహము తూర్పు రేఖాంశము 93.5 డిగ్రీలయొద్ద, భూమధ్యరేఖకు సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున నిలిచి యున్నది. బాపట్లలో మేడమీద నిలుచున్నవానికి అది ఇంచుమించు ఆగ్నేయ దిశను, అడ్డమునుండి సుమారు 66 డిగ్రీల యెత్తున నుండును. అనగా కొబ్బరిచెట్టు దగ్గఱగా నుండిననే తప్ప అడ్డు రాదు. డిష్షు ముందుండి సంకేతమును పట్టు ఎల్‌ఎన్‌బీ అను పరికరమునుండి వచ్చు తీగను ఉపగ్రహ ట్యూనరులో బిగింపవలయును. ఆ ఎల్‌ఎన్‌బీకి 13 లేక 18 వోల్టుల విద్యుత్తు ఆ తీగద్వారానే పంపవలసియుండును. యూఎస్‌బీ ఇచ్చునది 5 వోల్టులు. అందుచేత ఇట్టి ట్యూనర్లకు గోడకు తగిలించు అడాప్టరు వేఱుగా నుండును. కరెంటు పోయినను లాప్‌టాప్ బ్యాటరీతో నడచును కదా యని నిశ్చింతగా నున్నవారు ఇచ్చట దెబ్బతిందురు: లాప్‌టాప్ మేలుకొనియే యుండును, ట్యూనరు ఆరిపోవును. ఇన్వర్టరు తీగ ట్యూనరుదాక రావలయును.

ఈ పద్ధతిలో రికార్డింగు అనగా తిరిగి చిత్రించుట కాదు. ఉపగ్రహమునుండి బొమ్మ 188 బైట్ల చిన్న పొట్లములుగా వచ్చును. లాప్‌టాప్ వానిని ఉన్నవున్నట్లు డిస్కుపై వ్రాయును. లెక్క చేయు శ్రమ లేదు, నాణ్యతలో నలుసంతయు తరుగు లేదు. సెకనుకు 40 లక్షల బిట్ల ప్రసారమైనచో గంటకు రెండు గిగాబైట్లు మించదు. పాత పెన్‌డ్రైవుపై నేరుగా వ్రాయబూనినచో మాత్రము, ఫ్యాట్32 అమరికలో ఒక ఫైలు 4 గిగాబైట్లు దాటరాదు కనుక, రెండు గంటలు దాటిన పిదప నాటకము తెగిపోవచ్చును.

వాన మాట చెప్పవలయును. ఈ సేవ వాడు కేయూ బ్యాండు తరంగముల పొడవు మూడు సెంటీమీటర్లకు లోపు; పెద్ద చినుకులు దానిని మ్రింగి చెదరగొట్టును. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినది. అట్టి గాలివానలలో, వార్త మిక్కిలి కావలసిన గంటలలోనే, డిష్షుపై బొమ్మ గళ్ళుగళ్ళుగా బిగుసుకొనిపోవును, గాలికి డిష్షు వ్రేలెడు కదలినను సంకేతము పోవును. పాత టీవీలో చుక్కల మధ్యనైన మనిషి కనబడెడివాడు; డిజిటల్‌లో ఉన్నచో పూర్తిగా, లేనిచో శూన్యము. తుపాను దినమున రేడియోను చేత నుంచుకొనుటయే మేలు.

చట్టము మాట. 1957 నాటి కాపీరైటు చట్టమునందలి 39వ సెక్షను, తన సొంత వాడుకకై చేసికొను దృశ్యశ్రవణ ముద్రణమును ప్రసారసంస్థ హక్కుకు భంగముగా నెంచదు. బోధనకు, పరిశోధనకు చేయుదానికిని అదే మినహాయింపు. అమెరికాలో సోనీ వీడియో రికార్డరుపై వచ్చిన వ్యాజ్యమున 1984లో సుప్రీముకోర్టు, తరువాత చూచుటకై ఇంటిలో రికార్డు చేసికొనుట తప్పు కాదని ఒక్క వోటు ఆధిక్యముతో తేల్చెను. ఐనను రికార్డు చేసినదానిని అమ్ముట, అంతర్జాలమున అందఱికి పెట్టుట ఈ మినహాయింపులో చేరవు.

సాఫ్ట్‌వేరుకు వెదకులాట అక్కఱలేదు. విండోస్‌లో వచ్చుచుండిన మీడియా సెంటరును మైక్రోసాఫ్టు 2015లో పదవ సంచికతో తొలగించినను, ఉచితమగు వీఎల్‌సీ అనేక ట్యూనర్లను నడపగలదు. ఇప్పుడు టీవీలోనే ఉపగ్రహ ట్యూనరు ఉండవలెనను ఆలోచన బలపడి, భారత ప్రమాణాల సంస్థ అందుకై ఒక ప్రమాణమును ప్రకటించినది. అట్టి టీవీలలో అనేకము పెన్‌డ్రైవుపై రికార్డింగు చేయగలవు. కాని వానిలో పెక్కు, రికార్డు చేసిన ఫైలునకు తాళము వేసి, ఆ ఒక్క టీవీలో తప్ప తెఱవనీయవు. కొనునప్పుడు అంగడిలోనే ఒక నిమిషము రికార్డు చేయించి, ఆ పెన్‌డ్రైవును లాప్‌టాప్‌లో పెట్టి చూడవలయును.